గర్భిణి ప్రయాణం: నెలల లెక్కా, దూరాల లెక్కా?

కడుపుతో ఉన్న మనిషి ఊరు కదలాలంటే మన ఇళ్లలో ముందు నెలలు లెక్కపెడతారు. మూడో నెల వెళ్లేదాకా వద్దంటారు. అయిదో నెలలో ఫర్వాలేదంటారు. ఏడో నెలలో పుట్టింటికి తీసుకురావచ్చు గానీ ఎనిమిదో నెలలో గడప దాటించొద్దంటారు. డాక్టరు అదే సంగతి వారాల్లో చెబుతుంది. విమానమెక్కాలంటే వారాలతో పాటు ధ్రువపత్రం కావాలి. ఈలోగా తొమ్మిదో నెల దాకా స్కూటీ నడిపి ఆఫీసుకెళ్లానని చెప్పే బంధువు ఒకావిడ ఉంటుంది. ఆటో ఎక్కినందుకే గర్భం పోయిందని చెప్పే ఇంకొకావిడా ఉంటుంది. అందరూ మేలు కోరే చెబుతారు. వినే అమ్మాయికి మాత్రం ఎవరి మాట పట్టుకోవాలో తెలియదు.

ఈ వాదం చాలా పాతది. మధ్యలో రోడ్లు, బళ్లు, ఆస్పత్రులు, కాన్పుల తీరు అన్నీ మారిపోయాయి. వాదంలో మాటలు మాత్రం పెద్దగా మారలేదు. ఇప్పటికి తేలినదేమిటి, తేలనిదేమిటి, మనం అడగవలసిన ప్రశ్ననే అడుగుతున్నామా అన్నవి ఒకసారి సరిచూసుకోవడం అవసరం.

భయం ఎప్పటిది

చరక సంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో గర్భానికి హాని చేసే పనులు వరసగా చెప్పారు. అతిగా కుదిపే వాహనాల్లో పోవడం వాటిలో ఒకటి. సుశ్రుతుడు ఇంకొంచెం గట్టిగా, అసలు వాహనం ఎక్కడమే మానమన్నాడు. చరకుడికి అభ్యంతరం కుదుపు మీద, సుశ్రుతుడికి ప్రయాణం మీద. ఇప్పటికీ మన ఇళ్లలో జరిగే చర్చ చాలావరకు ఈ రెండు గట్ల మధ్యే కొట్టుకుంటోంది.

ఆ సలహాను మూఢనమ్మకం అని కొట్టిపారేయడం అన్యాయం. ఇనుప కట్టు చక్రాల ఎడ్లబండి, వంతెన లేని వాగులు, దారిలో నొప్పులు మొదలైతే మంత్రసాని కూడా దొరకని ఊళ్లు. అప్పటి పరిస్థితుల్లో ఇంటిపట్టున ఉండమనడమే మంచి వైద్యం. ఎనిమిదో నెలలో కదలొద్దన్న మాటలోనూ అనుభవం ఉంది. ఆ నెలలో పుట్టిన బిడ్డను బతికించుకునే దారి ఆనాడు ఎవరి దగ్గరా లేదు.

ఈ భయాన్ని లెక్కలతో సరిచూసే అవకాశం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వచ్చింది. అమెరికాలో సైనికుల భార్యలు గర్భంతో ఉండి కూడా భర్తలు బదిలీ అయిన చోటికల్లా రైళ్లలో, కార్లలో, బస్సుల్లో వందల మైళ్లు వెళ్లారు. ఆ కాలంలోనూ, తర్వాత 1950ల తొలినాళ్లలోనూ వైద్యులు ఇలాంటి స్త్రీల వివరాలు పరిశీలించారు. ప్రయాణం చేసినవాళ్లలో గర్భస్రావాలు పెరిగినట్టు వాళ్లకు కనబడలేదు. తర్వాత జెట్ విమానాలు వచ్చాయి, ఉద్యోగాలు చేసే స్త్రీలు పెరిగారు, నిషేధాలు ఒక్కొక్కటే సడలాయి. మన దగ్గర మాత్రం వాటి స్థానంలో ‘బెడ్ రెస్ట్’ వచ్చి కూర్చుంది. గర్భస్రావాన్ని గానీ నెలలు నిండని కాన్పును గానీ మంచం పట్టించి ఆపవచ్చనడానికి ఆధారం దొరకలేదని పరిశోధనల సమీక్షలు చెబుతూనే ఉన్నాయి. అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల దాన్ని మామూలు వైద్యంగా రాయొద్దని స్పష్టంగా చెప్పింది. మన ప్రిస్క్రిప్షన్లలో మాత్రం ఆ రెండు మాటలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

ఇప్పుడున్న నాలుగు వాదాలు

మొదటిది నిగ్రహవాదం. తొలి మూడు నెలలు, చివరి రెండు నెలలు కదలొద్దంటుంది. మన పెద్దవాళ్లే కాదు, కృత్రిమ పద్ధతుల్లో గర్భం వచ్చినవాళ్ల విషయంలో చాలామంది డాక్టర్లూ ఇదే చెబుతారు. రెండోది నడిమి నెలల వాదం. 14 నుంచి 28 వారాల మధ్య ప్రయాణం చేసుకోవచ్చంటుంది. అప్పటికి వేవిళ్లు తగ్గుతాయి, గర్భస్రావం భయం దాటుతుంది, పొట్ట ఇంకా బరువు కాదు. వైద్య సంఘాల సలహాలు ఎక్కువగా ఈ వైపే ఉన్నాయి.

మూడోది మనిషిని చూసి చెప్పే వాదం. నెల ఏదైనా బీపీ ఉందా, మాయ కిందికి ఉందా, కడుపులో కవలలా, ముందు కాన్పు ఆపరేషనా అన్నవి చూసి నిర్ణయించమంటుంది. నాలుగోదాన్ని అందుబాటు వాదం అనవచ్చు. అది ప్రయాణం మంచిదా చెడ్డదా అని అడగదు. ఏ గంటలో అయినా ఆపద వస్తే ఈమె ఆస్పత్రికి ఎంత దూరంలో ఉంటుంది, ఆ ఆస్పత్రిలో ఏముంటుంది అని అడుగుతుంది. దీనికి పునాది ప్రజారోగ్య రంగంలో ఉంది. 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాల వెనుక మూడు ఆలస్యాలు ఉంటాయన్నారు: వెళ్దామన్న నిర్ణయంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం.

మొదటి రెండు వాదాలు క్యాలెండర్ చూస్తాయి, మూడోది ఫైలు చూస్తుంది, నాలుగోది దారి చూస్తుంది. మన కుటుంబాల్లో చర్చంతా మొదటి రెండింటి మధ్యే జరుగుతోంది. ప్రాణాలు నిలిపేవి ఎక్కువగా చివరి రెండూ అన్నది ఈ వ్యాసం అభిప్రాయం.

కుదుపు, దెబ్బ

తెలిసిన గర్భాల్లో దాదాపు 10 నుంచి 20 శాతం నిలవవు. పోయేవాటిలో ఎక్కువ భాగం తొలి మూడు నెలల్లోనే పోతాయి. వాటిలో సగానికో, అంతకు మించో కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. ఆ లోపం ప్రయాణానికి ముందే ఉంటుంది. అయితే ఇన్ని గర్భాలు పోయే నెలల్లోనే ఎవరో ఒకరు పెళ్లికో, పుట్టింటికో వెళ్లి ఉంటారు. బస్సు దిగిన రెండు రోజులకు రక్తం కనబడితే నేరం బస్సు మీద పడుతుంది, లేదా రమ్మని పిలిచిన తల్లి మీదా, వెళ్లిన అమ్మాయి మీదా పడుతుంది. ఆ నింద ఏళ్ల తరబడి మోసే స్త్రీలున్నారు. గతుకుల రోడ్డు మీద ఒక ప్రయాణం ఆరోగ్యంగా ఉన్న గర్భాన్ని పోగొట్టిందనడానికి ఆధారం లేదన్న మాట ప్రతి ఇంట్లోనూ వినబడాలి.

అంతమాత్రాన కుదుపు ప్రశ్న పూర్తిగా ముగిసిందని కాదు. రోజూ గంటల తరబడి ఒళ్లంతా అదిరే యంత్రాల మీద, వాహనాల మీద పనిచేసే స్త్రీలను స్వీడన్‌లో జాతీయ స్థాయి వివరాలతో పరిశీలించారు. అదురు ఎక్కువున్న ఉద్యోగాల్లో నెలలు నిండని కాన్పులు కొంత ఎక్కువగా కనబడ్డాయి. అది రోజువారీ పని సంగతి. ఏడాదికి రెండుసార్లు ఊరెళ్లి వచ్చేవాళ్లకు దాన్ని అంటగట్టలేం. రోజూ రెండు పూటలా షేర్ ఆటోలో 20 కిలోమీటర్లు పోయివచ్చే ఉద్యోగినిది మాత్రం ఈ రెండింటికీ మధ్య ఉన్న పరిస్థితి. ఆమె గురించి ఈ లెక్కలేవీ సూటిగా చెప్పవు.

నిజమైన ప్రమాదం కుదుపులో లేదు, గుద్దుకోవడంలో ఉంది. బండి ఒక్కసారిగా ఆగినప్పుడు గర్భసంచి సాగుతుంది, మాయ సాగదు. ఆ లాగుడుకు మాయ గోడ నుంచి ఊడిపోవచ్చు. తల్లి ఒంటి మీద గీత కూడా పడకపోవచ్చు. కడుపు గట్టిపడటం, రక్తం కనబడటం, బిడ్డ కదలిక తగ్గడం కొన్ని గంటల తర్వాతే మొదలు కావచ్చు. అందుకే పొట్టకు దెబ్బ తగిలితే బాగానే ఉందనిపించినా ఆస్పత్రికి వెళ్లి కనీసం నాలుగు గంటలైనా బిడ్డ గుండె చప్పుడు చూపించుకోమంటారు. రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం పడవచ్చు.

కెనడాలోని ఒంటారియోలో అయిదు లక్షలకు పైగా తల్లుల వివరాలతో చేసిన పరిశీలన 2014లో వెలువడింది. గర్భం రాకముందటి మూడేళ్లతో పోలిస్తే నాలుగు నుంచి ఆరు నెలల గర్భంలో ఉన్నప్పుడు వాళ్లు నడుపుతున్న బండికి తీవ్ర ప్రమాదం జరగడం 42 శాతం పెరిగింది. పక్కసీట్లో కూర్చున్నప్పుడు అలాంటి పెరుగుదల లేదు. అందరూ నిశ్చింతగా ఉండమని చెప్పే నడిమి నెలలే అవి. నిద్ర చాలకపోవడం, అలసట, కడుపులో తిప్పడం కారణాలు కావచ్చు.

సీట్ బెల్టు మీద వాదం ఇంకా పాతది. అది పొట్టను నొక్కుతుందన్న భయం 1960ల నుంచీ ఉంది. అమెరికాలో క్రాస్బీ, ఆయన సహచరులు గర్భంతో ఉన్న బబూన్ కోతుల మీద పరీక్షలు చేశారు. నడుం పట్టీ ఒక్కటే కట్టిన 10 కోతుల్లో అయిదింటి పిండాలు చనిపోయాయి. భుజం పట్టీ కూడా కట్టిన 12లో ఒక్కటే పోయింది. ఆ 1972 నాటి ఫలితంతోనే వైద్యులు ఒక మాట మీదికి వచ్చారు: బెల్టు తప్పక పెట్టుకోవాలి, సరిగ్గా పెట్టుకోవాలి. నడుం పట్టీ పొట్ట మీదుగా పోకూడదు. పొట్ట కిందికి దించి తుంటి ఎముకలకు ఆనేలా బిగించాలి. భుజం పట్టీ రొమ్ముల మధ్య నుంచి దిగి పొట్ట పక్కగా పోవాలి. చీర కుచ్చిళ్లు లావుగా ఉంటే పట్టీ పైకి ఎగబాకుతుంది. కూర్చున్నాక ఒకసారి చేత్తో కిందికి సర్దుకోవాలి. సీటు వీలైనంత వెనక్కి జరపాలి. ఎయిర్‌బ్యాగ్ ఆపించుకోనక్కర్లేదు.

మన కార్లలో గర్భిణిని వెనకసీట్లో దిండ్ల మధ్య కూర్చోబెడతారు, బెల్టు మాత్రం పెట్టరు. ప్రేమతో చేసే ఈ పనిలోనే ప్రమాదం ఉంది. ఆటోలో బెల్టే ఉండదు. బైకు మీద ఒక పక్కకు కూర్చుంటే పట్టు తక్కువ, పొట్ట బరువుకు తూకం తప్పడం తేలిక. రైలే అన్నిటికంటే నయం. లేచి నడవవచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది, గర్భిణులకు కింది బెర్తు కోటా ఉంది. బస్సులో ఈ వెసులుబాట్లు లేవు. స్త్రీలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచీ అమల్లోకి వచ్చాక పరీక్షలకు వెళ్లివచ్చే ఖర్చు తగ్గింది. అదే సమయంలో రద్దీ పెరిగింది, నిండు గర్భిణి కడ్డీ పట్టుకుని నిలబడవలసి వస్తోంది. ఆమె కోసం ఒక సీటు వదలమని కండక్టరు గట్టిగా చెప్పడం చిన్న సాయం కాదు.

ఆకాశంలో

విమానం గురించి భయాలు ఎక్కువ, ఆధారాలు తక్కువ. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. గర్భస్థ శిశువు రక్తం ఆక్సిజన్‌ను పెద్దవాళ్ల రక్తం కంటే గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఆరోగ్యవంతురాలి బిడ్డకు ఇబ్బంది రాదు. తీవ్ర రక్తహీనత, గుండె జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. మన స్త్రీలలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే కనుక టికెట్ కొనే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోవడం మంచిది. ఆకాశంలో సోకే రేడియేషన్ గర్భకాలానికి పెట్టిన హద్దు ఒక మిల్లీసీవర్ట్. ఎంత పొడుగు ప్రయాణమైనా ఒకసారి వెళ్తే అందులో 15 శాతం దాటదు. నెలలో చాలాసార్లు ఎగిరే విమాన సిబ్బందికి మాత్రం ఇది నిజమైన ప్రశ్నే. ఎయిర్‌పోర్టులో లోహాలను కనిపెట్టే ద్వారం గుండా నడిస్తే ఏమీ కాదు.

పట్టించుకోవలసింది కాళ్లలో కట్టే రక్తపు గడ్డల్ని. గర్భంతో ఉన్నప్పుడు ఆ ముప్పు మామూలు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ, కాన్పయ్యాక మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లాలంటే ఒక రోజుకు దగ్గరగా ప్రయాణం. నడవా పక్క సీటు, గంటకొకసారి నడక, తగినన్ని నీళ్లు, నాలుగు గంటలు దాటే ప్రయాణానికి బిగుతు మేజోళ్లు అన్నంతవరకు అందరిదీ ఒకే మాట. గడ్డలు కట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు, ఊబకాయం వంటి ముప్పులు కలిసినవాళ్లకు హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వాలా అన్నది డాక్టరు తేల్చవలసిందే. విమానం కోసమని ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవడాన్ని బ్రిటిష్ ప్రసూతి వైద్యుల కళాశాల సమర్థించలేదు.

వారాల హద్దుల్లో తేడాలున్నాయి. బ్రిటన్ సలహా ప్రకారం ఒకే బిడ్డ అయితే 37 వారాలు, కవలలైతే 32. అమెరికాలో ఎక్కువ విమాన సంస్థలు 36 దాకా ఎక్కనిస్తాయి. మన దేశంలో చాలా సంస్థలు 32 వారాల చుట్టుపక్కల నుంచి ధ్రువపత్రం అడుగుతాయి, 36 దాటితే ఎక్కించుకోవు. తిరుగు ప్రయాణం నాటికి ఎన్ని వారాలవుతాయో లెక్కపెట్టుకోకపోవడమే మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. ఈ హద్దులు కూడా ఎగరడం వల్ల నొప్పులొస్తాయని పెట్టినవి కావు. నొప్పులొస్తే ఆ ఎత్తులో ఆస్పత్రి ఉండదని పెట్టినవి. విమాన సంస్థలు తెలియకుండానే అందుబాటు వాదాన్ని పాటిస్తున్నాయి.

చేరే చోటు

ఎలా వెళ్తున్నామన్న దానికంటే ఎక్కడికి వెళ్తున్నామన్నది చాలాసార్లు ముఖ్యం. గాంబియాలో 2000లో వెలువడిన పరిశోధన ప్రకారం మలేరియా దోమలు గర్భిణుల మీద మామూలు స్త్రీల కంటే రెట్టింపు వాలాయి. గర్భంలో మలేరియా తల్లికి తీవ్రమవుతుంది, బిడ్డ బరువు తగ్గిస్తుంది. మలేరియా ఉన్న ప్రాంతాలకు వీలైతే వెళ్లొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. వానాకాలంలో అరకు, లంబసింగి వంటి చోట్లకు సరదాగా వెళ్లాలనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. జ్వరమొస్తే పాత చీటీతో మాత్రలు కొనుక్కోకూడదు. వైవాక్స్ మలేరియాకు మామూలుగా ఇచ్చే ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వరు.

జికా విషయంలో ప్రపంచం చాలా త్వరగా భయపడింది, చాలా త్వరగా మరిచిపోయింది. బ్రెజిల్‌లో తలలు చిన్నవిగా పిల్లలు పుట్టాక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 ఫిబ్రవరి 1న అత్యవసర స్థితి ప్రకటించి నవంబరులో ఎత్తేసింది. వైరస్ మాత్రం పోలేదు. 2018లో జైపూర్‌లో, 2021లో కేరళలో, 2024లో పుణేలో గర్భిణులకూ సోకింది. నీటి ద్వారా వచ్చే హెపటైటిస్-ఇ గురించి మాట్లాడేవాళ్లు ఇంకా తక్కువ. చివరి మూడు నెలల్లో ఆ కామెర్లు వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చు. జాతరలో, పెళ్లిలో, రైల్వే స్టేషన్లో తాగే నీళ్ల మీద పెట్టాల్సిన శ్రద్ధ మనవాళ్లు బొప్పాయి ముక్క మీద పెడుతున్నారు.

తీర్థయాత్రల్లో ఒక్కదాని నియమం మాత్రం చాలా స్పష్టంగా ఉంది. అమర్‌నాథ్ యాత్రకు ఆరు వారాలు దాటిన గర్భిణుల పేర్లు నమోదు చేయరు. ఆ గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉంది. అంత కట్టుదిట్టం లేని కొండ క్షేత్రాలకు వెళ్లేటప్పుడు నిర్ణయం కుటుంబానిదే. అలాంటప్పుడు మొక్కుబడిని కాన్పు తర్వాతికి వాయిదా వేయడం దేవుడి పట్ల లోపమేమీ కాదు.

పుట్టింటి దారి

మన గర్భిణుల ప్రయాణాల్లో ఎక్కువమందికి తప్పనిది ఇదే. దీని మీద జరిగిన పరిశోధన మాత్రం చాలా తక్కువ. సీమంతం చేసి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తొలిచూలుతో ఉన్న కూతురిని తల్లిదండ్రులు తీసుకెళ్తారు. ఈ ఆచారంలో గొప్ప మేలుంది. కాన్పు ముందూ వెనకా అమ్మాయికి అమ్మ తోడుంటుంది, ఇంటి చాకిరీ తప్పుతుంది, భయమేస్తే చెప్పుకునే మనిషి పక్కనుంటుంది.

చిక్కు వేరే చోట ఉంది. ఏడు నెలలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చూసిన డాక్టరుకు ఆమె బీపీ ఎప్పుడు పెరిగిందో, షుగర్ ఎలా ఉందో, స్కానింగ్‌లో మాయ ఎక్కడుందో తెలుసు. పుట్టింటి ఊళ్లోని డాక్టరుకు ఆమె కొత్త మనిషి. ఆ మార్పు సరిగ్గా ముప్పు పెరిగే వారాల్లోనే జరుగుతుంది. ముహూర్తం చూసి బయల్దేరిన హడావిడిలో ఫైలు మెట్టినింట్లో మరిచిపోవడం, రిపోర్టులు భర్త ఫోన్‌లో మాత్రమే ఉండటం, పుట్టింటికి చేరిన మూడు వారాల దాకా అక్కడి డాక్టరుకు చూపించకపోవడం మామూలే. అర్ధరాత్రి ఉమ్మనీరు పోయినప్పుడు ఆమె రక్తం గ్రూపు ఏమిటో చెప్పగలిగేవాళ్లు ఆ ఇంట్లో ఉండరు.

రెండో కాన్పుకు వచ్చేవాళ్ల విషయం ఇంకా సున్నితమైనది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. అంటే రెండోసారి గర్భిణి అయ్యేవాళ్లలో చాలామంది గర్భసంచి మీద పాత కుట్టుంది. నొప్పుల్లో ఆ కుట్టు విచ్చుకోవచ్చు, మాయ దాని మీదే అతుక్కుని ఉండవచ్చు. అలాంటి ఆమెకు ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు, రక్తం మూడూ రాత్రిపూట కూడా సిద్ధంగా ఉన్న చోటు దగ్గరలో ఉండాలి. కొత్త డాక్టరు చేతిలో మొదటి ఆపరేషన్ తాలూకు డిశ్చార్జి కాగితం ఉండాలి.

ఒకే ఊరి నుంచి పోయే దారులు కూడా ఒక్కలా ఉండవు. హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ తగులుతాయి. ఏ గంటలో ఆపద వచ్చినా ఆస్పత్రి ఉన్న ఊరు చాలా దూరముండదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దూరం అంతకంటే తక్కువే. కానీ మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా అడవి. రాత్రి 9 నుంచి తెల్లవారి 6 దాకా గేట్లు మూసేస్తారు. ఆరో నెలలో శ్రీశైలం వెళ్లడం కంటే ఎనిమిదో నెలలో విజయవాడ వెళ్లడమే కొందరికి నిరపాయం. నెలలు మాత్రమే లెక్కపెట్టేవాళ్లకు ఇది తలకిందుల మాటలా అనిపిస్తుంది. దారి పొడుగునా ఉన్న ఆస్పత్రులను లెక్కపెట్టుకుంటే అర్థమవుతుంది.

పుట్టింటికి వెళ్లొద్దని చెప్పనక్కర్లేదు. తొమ్మిదో నెల కోసం ఆగకుండా 28 నుంచి 34 వారాల మధ్య వెళ్లి, చేరిన వారంలోనే అక్కడి ఆస్పత్రిలో చూపించుకుని, తల్లీబిడ్డ రక్షణ కార్డును, స్కానింగ్ కాగితాలను చేతిసంచిలో పెట్టుకుంటే ఆచారం నిలుస్తుంది, ప్రమాదం తగ్గుతుంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన స్పెషలిస్టులు గర్భిణులను చూసే ఏర్పాటు 2016 నుంచీ ఉంది. కొత్త ఊళ్లో పరిచయానికి అది మంచి రోజు.

డోలీ దారి

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా ప్రయాణం చేయాలా వద్దా అని ఆలోచించుకునే వీలున్నవాళ్ల గురించి. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, పార్వతీపురం మన్యంలో ఆ ప్రశ్నకే తావు లేదు. ప్రయాణం చేయలేకపోవడమే అక్కడి ప్రమాదం. వెదురు గడకు రెండు చివరలా దుప్పటి కట్టి, మధ్యలో నిండు గర్భిణిని పడుకోబెట్టి, ఇద్దరు ముందూ ఇద్దరు వెనకా భుజాలు మార్చుకుంటూ రాళ్ల బాటలో దిగుతారు. రోడ్డు మొదలయ్యే చోట 108 అంబులెన్సు కోసం చూస్తారు. వాగు పొంగితే అక్కడే ఆగుతారు. కాన్పు తర్వాత అధిక రక్తస్రావం మొదలైతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చని వైద్యులంటారు. చాలా గూడేల నుంచి రోడ్డు దాకా దిగడానికే అంత సమయం పడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ అంకె గర్వించదగ్గది. మిగిలిన మూడు నాలుగు శాతంలోనే ఈ డోలీలున్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవలు మొదలయ్యాయి. 2011 జూన్ 1న వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ఇంటి నుంచి ఆస్పత్రికి, ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి, తిరిగి ఇంటికి ఉచిత ప్రయాణాన్ని హక్కు చేసింది. తెలంగాణలో 102 బండ్లు, ఆంధ్రలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ నడుస్తున్నాయి. వీటన్నిటికీ రోడ్డు కావాలి, ఫోన్ సిగ్నల్ కావాలి.

అందుకే ఇంకో దారి వెతికారు: నొప్పులు రాకముందే కిందికి తెచ్చి ఉంచడం. క్యూబాలో 1962లోనే ఇలాంటి ప్రసూతి వసతిగృహాలు మొదలయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దూర ప్రాంతాలకు వీటిని షరతులతో సిఫారసు చేసింది. మన దగ్గర సాలూరులో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) గిరిజన గర్భిణులకు వసతిగృహం నడిపింది. ఆ ఆలోచన మంచిదే. కానీ ఇంట్లో మూడేళ్ల పిల్లను, మేకలను, పోడు పనిని వదిలి నెల రోజులు కింద ఉండమంటే చాలామంది రారు. ఉన్నవాళ్లు కూడా సంతకు వెళ్లొస్తామని వెళ్లిపోతారు. పెద్దపిల్లను వెంట తెచ్చుకోనిచ్చి, తోడుగా అత్తనో అమ్మనో ఉండనిచ్చి, వాళ్ల భాష వచ్చిన ఏఎన్‌ఎంను పెట్టిన చోట్ల పరిస్థితి మెరుగ్గా ఉంటుందన్నది క్షేత్రంలో పనిచేసేవాళ్లు పదేపదే చెప్పే మాట.

పక్కపక్కన పెట్టి చూస్తే

తొలి మూడు నెలల్లో నిగ్రహవాదం చెప్పేంత ముప్పు ప్రయాణంలో లేదు. అయినా వాంతులతో నీరసించిపోయే స్త్రీకి అది సుఖమూ కాదు. గర్భం గర్భసంచిలోనే ఉందా, గొట్టంలో నిలిచిందా అన్నది మొదటి స్కానింగ్ చెప్పేదాకా ఆస్పత్రి లేని చోటికి వెళ్లకపోవడం మేలు. నడిమి నెలల వాదం చాలావరకు నిలబడుతుంది. స్టీరింగ్ మాత్రం ఇంకొకరికి ఇవ్వాలి. చివరి నెలల్లో మనిషిని చూసి చెప్పే వాదమూ, అందుబాటు వాదమూ కలిసే నడవాలి. కవలలతో, బీపీతో, పాత కుట్టుతో ఉన్న ఆమెకు 60 కిలోమీటర్ల ఆటో ప్రయాణం ఎక్కువ. ఏ ఇబ్బందీ లేని ఆమెకు పగటి రైలులో 300 కిలోమీటర్లు ఎక్కువ కాదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో లెక్క ఉంది. మామూలు ప్రయాణ బీమా కాన్పు ఖర్చును సాధారణంగా భరించదు. నెలలు నిండని బిడ్డను అమెరికాలో కొన్ని వారాలు ఆస్పత్రిలో ఉంచవలసి వస్తే ఇల్లు అమ్ముకున్నా చాలదు. పాలసీలో ఏముందో టికెట్ కంటే ముందే చదవాలి.

తేలనివి

ఆటోలు, బైకులు, షేర్ జీపుల్లో ప్రయాణించే గర్భిణుల గురించి మన దగ్గర నమ్మదగ్గ లెక్కలు అందుబాటులో లేవు. సీట్ బెల్టు పరిశోధన అంతా కార్ల దేశాల్లో జరిగింది. మన స్త్రీలలో ఎక్కువమంది ఎక్కే బళ్లకు దాన్ని అన్వయించలేం. కృత్రిమ గర్భధారణ తర్వాత ఇంటికి బస్సులో వెళ్లొచ్చా, వారం ఆగాలా అన్న దాని మీద ఆస్పత్రికో మాట ఉంది. రోజువారీ కుదుపుల ప్రశ్న స్వీడన్ పరిశీలన తర్వాత కూడా ముగియలేదు. కాళ్లలో గడ్డల ముప్పు ఎన్ని గంటల రోడ్డు ప్రయాణంతో మొదలవుతుందో, రాత్రంతా స్లీపర్ బస్సులో కాళ్లు ముడుచుకుని పడుకోవడం దానికి ఎంత తోడవుతుందో కూడా అలాగే ఉంది.

అన్నిటికంటే పెద్ద ఖాళీ పుట్టింటి ప్రయాణంలోనే ఉంది. చివరి రెండు నెలల్లో ఊరు మారిన తల్లులకు, మారనివాళ్లకు కాన్పు ఫలితాల్లో తేడా ఉందా? ఉంటే అది ప్రయాణం వల్లనా, డాక్టరు మారడం వల్లనా, కాగితాలు అందకపోవడం వల్లనా? ఇందుకు కావలసిన ముడిసరుకు మన దగ్గరే ఉంది. ప్రతి గర్భిణి పేరూ ఏఎన్‌ఎం దగ్గర నమోదవుతుంది. కాన్పు ఎక్కడ జరిగిందో ఆస్పత్రిలో నమోదవుతుంది. 108 బండి ఎక్కడ ఎక్కించుకుని ఎప్పుడు దించిందో ఇంకోచోట ఉంటుంది. ఈ మూడు పుస్తకాలను ఒక్క జిల్లాలో, ఒక్క ఏడాదికి కలిపి చదివినా చాలు, ఏడో నెలలో తీసుకెళ్లాలా తొమ్మిదో నెలలో తీసుకెళ్లాలా అని అడిగే తల్లికి ఏఎన్‌ఎం ఒక నిలకడైన జవాబు చెప్పగలుగుతుంది.